క్యూబిట్‌కి నూనె రాసిన అత్తయ్య

మా చర్చి సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ప్రార్థన మనవి నలుగురిలో చెప్పినవాళ్లు, జవాబు వచ్చాక సాక్ష్యం కూడా నలుగురిలోనే చెప్పాలి. అడిగేటప్పుడు మైకు పట్టుకుని, పొందాక వెనక బెంచీలో తల దించుకు కూర్చుంటామంటే కుదరదు. గిలకలదిండిలో మా మందిరం హార్బరుకి దగ్గర. ఇంజన్లు, వలలు, వీసాలు, కాన్పులు, డిగ్రీ బ్యాక్‌లాగులు... అక్కడ వినపడని మనవి లేదనుకునేదాన్ని. అలాంటి చోట ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నేను లేచి, మా ల్యాబులో క్యూబిట్ ఆయుష్షు పెరగాలని ప్రార్థించమని అడిగాను.

ముందు వరసలో బోటు యజమాని మావయ్య ఉన్నాడు. మాకు చుట్టం కాడు, అక్కడ పెద్దవాళ్లంతా మావయ్యలే. ఆయన వెనక్కి తిరిగి, "ఎవరి బిడ్డమ్మా?" అన్నాడు.

"బిడ్డ కాదు మావయ్యా. చిప్. కంప్యూటర్లో ఉంటుందే, అలాంటిది."

"మరి రిపేరుకివ్వకపోయావా?"

"రిపేరు చేసేది నేనే మావయ్యా."

"అట్టయితే ప్రార్థన అవసరమే," అన్నాడాయన. అందరూ నవ్వారు.

మా అత్తయ్య నవ్వలేదు. అత్తయ్య అంటే నాన్న చెల్లెలు. ఆస్పత్రిలో కాన్పుల వార్డు నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. బందరులో మా ఇంట్లోనే ఉంటుంది. ఎవరి ఆయుష్షు మాట వచ్చినా ఆవిడకి అది వార్డు సంగతే. ఆ రోజు ఆవిడ చేసిన ప్రార్థనలో క్యూబిట్ పేరు తప్పు లేకుండా పలికింది. చావు మంచం మీద గోడవైపు తిరిగి ఏడ్చి, ఆయుష్షు పొడిగింపు పొందిన బైబిలు కాలపు రాజుని దేవుడికి గుర్తు చేసింది. ఆ రాజుకి చేసినవాడివి మా అమ్మాయి చిప్‌కి చేయలేవా అని అడిగింది. అత్తయ్య ప్రార్థన ఎప్పుడూ అంతే, పాత లెటరు తేదీ చూపించి పని అడిగినట్టుంటుంది.

ఇంతకీ ఆ ఆయుష్షేమిటో చెప్పాలి. క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్ కోసం, చల్లదనంలో అడ్డు లేకుండా కరెంటు పారే లోహంతో చేసిన చిన్న సర్క్యూట్. దాన్ని ఒక మెట్టు పైకి లేపి నిలబెడతాం. నిలబడి ఉన్నంతసేపే దానితో లెక్క చేయించుకోగలం. కూలబడిందా, లెక్కా కూలబడుతుంది. మా సంఘంలో సంఘపెద్ద ఒకాయన నిలబడి చేసే దీర్ఘ ప్రార్థన చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మొదట అందరూ నిలబడే ఉంటారు. కళ్లు మూసుకున్న ఆయనకి తెలియదు గానీ, ఒకరి తర్వాత ఒకరు మెల్లగా కూర్చుంటారు. సగానికి పైగా కూర్చునే వేళకి ఎంతసేపైందో చూసుకుంటే, దాదాపు అదే ఆ సంఘం ఆయుష్షు. క్యూబిట్‌దీ ఇలాగే కొలుస్తాం. కాకపోతే అదంతా కన్ను ఆర్పే లోపల వేలసార్లు అయిపోతుంది.

త్వరగా కూలబడడానికి కారణాలు చాలా. వేడి ఒకటి, దారి తప్పి వచ్చే కాంతి ఒకటి. అన్నిటికన్నా మొండిది ఉపరితలం. లోహానికి గాలి తగిలితే పలుచటి తుప్పు లాంటి పొర పడుతుంది. కంటికి కనపడదు. ఆ పొరలో సరిగా కుదురుకోని అణువులు ఉంటాయి. నిలబడ్డవాడి పక్కన గుసగుసలాడి కూర్చోబెట్టే మనుషుల్లాగా, అవి క్యూబిట్ శక్తిని లాగేస్తాయి. మాదంతా ఆ గుసగుసలు ఆపే ఉద్యోగం.

ఉద్యోగం గుడివాడ అవతల ఒక కాలేజీలో. చుట్టూ చేపల చెరువులు, మధ్యలో మా ల్యాబు, ల్యాబులో పైకప్పుకి వేలాడే ఫ్రిజ్. అంతరిక్షం కన్నా చల్లగా ఉంటుందని కాలేజీ వాళ్లు వచ్చినవాళ్లందరికీ చెప్పి చూపించేవారు. ఒకసారి ఒక రొయ్యల వ్యాపారి శ్రద్ధగా అంతా విని, "మాకంత అక్కర్లేదండీ, మామూలు ఐసు సరిపోద్ది," అని మర్యాదగా సెలవు తీసుకున్నాడు.

ల్యాబుకి పెద్ద మా సారు. నందివాడ వైపు రైతు కుటుంబం. దేవుడి విషయంలో ఎటూ తేల్చని మనిషి. నేను పనికి ముందు కళ్లు మూసుకుంటే స్విచ్ వేయకుండా ఆగేవాడు, అంతవరకే. చిప్‌ల విషయంలో మాత్రం ఆయనకో మూఢనమ్మకం ఉండేది. వచ్చింది వచ్చినట్టు వాడాలి. టాంటలం అనే లోహపు పొర వేసి, గీతలు చెక్కి, దూరంగా ఒక ఫ్యాక్టరీ వాళ్లు పంపేవారు. క్యూబిట్‌కి గుండె లాంటి చివరి చిన్న అతుకు, జంక్షన్ అంటారు, అది మేం వేసి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. జంక్షన్ వేసేముందు ఒకసారి గట్టి యాసిడ్లతో కడుగుదాం సార్, పై పొర పోతుంది, టాంటలం తట్టుకుంటుంది అని నేను ఎన్నోసార్లు అన్నాను.

"శుభ్రంగా పంపిన దానికి స్నానమేంటమ్మా?" అనేవాడు.

"పైకి శుభ్రమే సార్."

"పాడైతే ఇంకోటి నువ్విస్తావా?"

అక్కడితో ఆ చర్చ ముగిసేది. ఇంకోటి రావాలంటే నెలలు పట్టేది మరి. పైగా ఆ ఏడాది కమిటీ ఒకటి వచ్చి మా పాత చిప్ కొలతలు చూసి, తర్వాతి చిప్‌లో ఆయుష్షు పెరగకపోతే ఫ్రిజ్‌ని విప్పి వేరే ఊరు పంపేస్తామని చెప్పి వెళ్లింది. ఫ్రిజ్ వెళ్తే ల్యాబు లేదు, నా ఉద్యోగమూ లేదు. అందుకే ఆ మనవి.

మనవి చెప్పిన మరుసటి వారమే కొత్త చిప్ వచ్చింది. విజయవాడ స్టేషన్‌లో నేనే అందుకున్నాను. గుడివాడలో దిగుదామంటే సారు ఫోను: "ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తున్నారు. సోమవారం దాకా కరెంటు రాదు. చెమ్మలో పెట్టొద్దు, ఇంటికి తీసుకుపో. బీరువాలో పెట్టి తాళం వెయ్యి." బందరు దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అత్తయ్యకి చూపించాను. వెండి రంగు సంచీ, అందులో అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద ప్లాస్టిక్ పెట్టె, అందులో ఆవిడ ఆయుష్షు అడిగిన చిప్. బీరువాలో చీరల మధ్య పెట్టి తాళం వేసి, చెవి అత్తయ్యకిచ్చాను. ఆ బీరువా తాళం చెవి ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉంటుంది. మరునాడు శుక్రవారం పొద్దున్నే దివిసీమలో యవ్వనస్థుల కూడికలో వాక్యం చెప్పడానికి నాగాయలంక వెళ్లాను. విశ్వాసంతో చేసిన ప్రార్థనకి దేవుడు మనం అనుకోని దారిలో జవాబిస్తాడన్నది నా అంశం. బాగానే చెప్పానని అక్కడివాళ్లు అన్నారు. అదే సమయంలో ఆ అంశానికి ఉదాహరణ గిలకలదిండిలో జరుగుతోందని నాకు తెలియదు.

మా శుక్రవారం కూడికలో ఇంకో ఆచారం ఉంది. మనవికి సంబంధించిన వస్తువు ఉంటే తెచ్చి వేదిక ముందు బల్ల మీద పెడతారు. ఇంజన్ తాళాలు, హాల్ టికెట్లు, పాస్‌పోర్టులు, కొత్త వల కొస. పాస్టరు అయ్యగారు ప్రార్థించి, ప్రతిదానికీ వేలితో కొంచెం నూనె రాస్తారు. ఆ నూనె సీసా అత్తయ్య అధీనంలో ఉంటుంది. ఎప్పుడో యెరూషలేము వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన ఆలివ్ నూనె. తరిగినప్పుడల్లా అత్తయ్య అందులో కొబ్బరినూనె కలుపుతుంది. ఇప్పుడా సీసాలో యెరూషలేము ఎంతో, కోనసీమ ఎంతో ఎవరూ చెప్పలేరు.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అత్తయ్య వరండాలోనే కూర్చుని ఉంది. మొహం వెలిగిపోతోంది.

"నీ చిప్‌ని బల్ల మీద పెట్టామే," అంది.

"సంచీ మీద రాశారా నూనె?" అన్నాను, చెప్పులు విప్పుతూ.

"సంచీ మీద రాస్తే సంచీకే కదా అభిషేకం?"

ఒక చెప్పు కాలికే ఉండిపోయింది. "పెట్టె మూత మీద రాశారా?"

"మూత మీద రాస్తే మూతకే కదా. అయ్యగారు వద్దులెండమ్మా అన్నారు. ఆయనకి జంకు. నేనే మూత తీసి రాశా. ఊరికే రాశాననుకునేవ్, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునే రాశా. పసిగుడ్డుని ముట్టుకున్నట్టు ముట్టుకున్నా."

పెట్టె తెచ్చి ట్యూబులైటు కింద పట్టుకున్నాను. అద్దంలా ఉండాల్సిన పలక మధ్యలో అత్తయ్య వేలిముద్ర, చుట్టూ ఇంద్రధనుస్సు. దుమ్ము కణం పడుతుందని ముసుగులు వేసుకుని, మాట్లాడ్డానికి కూడా పక్కకి తిరిగే మేము, దాని మీద నూనె మరక చూస్తామని ఏనాడూ అనుకోలేదు.

నా మొహం చూసి అత్తయ్య లేచింది. "ఏమే? ఏమైంది?"

అబద్ధం చెప్పడం చేతకాక చెప్పాను. ఇది ఎంత శుభ్రంగా ఉంటే అంత ఆయుష్షు అత్తయ్యా అని. ఆవిడ చాలాసేపు తన కుడిచేతి చూపుడు వేలు చూసుకుంది. "ఇన్ని కాన్పులు చేశాను. ఒక్కదానికీ నా చేతి వల్ల హాని జరగలేదు," అని, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ రాత్రికే భోజనం మానేసింది.

సారుకి ఫోన్ చేశాను.

"సార్, చిప్ మీద నూనె పడింది."

"ఏ నూనె?"

"ప్రార్థన నూనె సార్."

తిడతాడని ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాను. ఆయన నెమ్మదిగా, "అది కాదమ్మా. ఆలివా, కొబ్బరా?" అన్నాడు.

"రెండూ సార్."

"ఏ పాళ్లలో?"

"అది దేవుడికే తెలియాలి సార్."

"ఆయన్నే అడిగి సోమవారం వచ్చి చెప్పు," అని పెట్టేశాడు. సారు కోపం అంతవరకే వెళ్తుంది.

సోమవారం మొదట ఎసిటోన్‌తో కడిగాం, ఆల్కహాలుతో కడిగాం. మైక్రోస్కోప్ కింద పెడితే అత్తయ్య వేలి గీతలు ఇంకా మిగిలే ఉన్నాయి. సారు కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు చూశాడు. నేను ఏం అంటానో ఆయనకి తెలుసు. అంటే కోపం వస్తుందని నాకు తెలుసు. బైబిల్లో, పెద్ద వైద్యం చేస్తారని దర్జాగా వచ్చిన కుష్ఠురోగి సేనాపతికి, పోయి ఆ బురద నదిలో మునుగు అంటే ఒళ్లు మండిందట. సేవకులు బతిమాలితే గానీ మునగలేదు, మునిగాకే బాగయ్యాడు. నేనూ సేవకుల పద్ధతే పట్టాను.

"సార్, ఎలాగూ పాడైందే కదా."

"ఊఁ."

"కడిగితే ఇంకా పాడవడానికి ఏం మిగిలింది సార్?"

"మీ అత్తయ్య ఈ మాట చెప్పమందా?"

"ఆవిడ అన్నమే తినట్లేదు సార్."

సారు మొహం మారింది. "ఎప్పట్నించి?"

"శుక్రవారం రాత్రి నించి. మంచినీళ్లు తాగుతోంది."

"పెద్దావిడ అలా ఉంటే ఎలాగమ్మా," అని లేచి, కెమిస్ట్రీ వాళ్ల దగ్గర పొగలు లాగే గాజు అల్మరా తాళం అడిగి తెచ్చాడు. చేతులకి మందపాటి తొడుగులు, మొహానికి కవచం వేసుకుని, నేను రాసి పెట్టుకున్న వరస ప్రకారం ఆయనే కడిగాడు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. నూనెని మాడ్చి తినేసే యాసిడ్ ఒకటి, ఆ తర్వాత లోహం మీద పొరని ఒలిచే యాసిడ్ ఒకటి. పొర ఒలిచాక మళ్లీ గాలి పట్టకముందే వాక్యూమ్‌లోకి తోయాలి. నేను గుమ్మం దగ్గర నిలబడి ప్రార్థిస్తున్నాను. ఎందుకైనా మంచిదని పైకే ప్రార్థించాను. సారు కవచం లోంచి, "కొంచెం గట్టిగా, ఈ ఫ్యాన్ మోతలో వినపడాలిగా," అన్నాడు. వేళాకోళమో కాదో మొహం కనపడలేదు.

జంక్షన్ వేశాం. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచాం. అది చల్లబడేవరకు అత్తయ్య గంజి మాత్రం తాగడానికి ఒప్పుకుంది, నర్సు కదా, మోకాళ్ల మీద ప్రార్థించడానికైనా ఓపిక కావాలని తనకీ తెలుసు. శుక్రవారం కూడికకి వెళ్లలేదు. నూనె సీసా అయ్యగారికి పంపేసింది. అయ్యగారు దాన్ని అలాగే తిప్పి పంపారు. అది మా వరండా గూట్లో అలిగిన చుట్టంలా ఉండిపోయింది.

కొలిచే రోజు మధ్యాహ్నం తెర మీద గీత పైనించి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఎంత నిదానంగా దిగితే అంత ఆయుష్షు. పాత చిప్ గీత మెట్లు జారిన పిల్లాడిలా దిగేది. ఇది మా సంఘపెద్ద మెట్లు దిగినట్టు దిగుతోంది. ఒక్కో మెట్టూ ఆగి, చూసుకుని.

సారు తెర దగ్గరికి వంగాడు. "తప్పు. మళ్లీ కొలువు."

మళ్లీ అదే.

"పాత సెట్టింగులు ఉండిపోయాయేమో. మళ్లీ."

మళ్లీ అదే. ఆయుష్షు రెండింతలు దాటింది. సారు టీ తెప్పించాడు, తాగడం మర్చిపోయాడు. నేను ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య అంతా విని, "బతికిందా?" అంది. "బతికింది," అన్నాను. ఫోను పెట్టకుండానే వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడింది.

కమిటీ వచ్చింది. కొలతలు చూశారు, వాళ్లే మళ్లీ కొలిపించారు. ఫ్రిజ్ ఇక్కడే ఉంటుందన్నారు. వాళ్లలో ఒకావిడ, "ఇన్నాళ్లూ కడగనిది ఈసారి ఎందుకు కడగాలనుకున్నారండీ?" అని అడిగింది. సారు నావైపు చూశాడు. నేను నేల చూశాను. "అనివార్య కారణాల వల్లనండీ," అన్నాడాయన.

వాళ్లు వెళ్లాక ఆయన ఊరుకోలేదు. "నూనె వల్లో కడగడం వల్లో తేలాలి కదమ్మా. నీ దేవుడి మీద గౌరవంతోనే అడుగుతున్నా," అన్నాడు. నాకూ తేలాలనే ఉంది. సత్యానికి భయపడేవాడు కాదు నేను నమ్మిన ప్రభువు. తర్వాత వచ్చిన చిప్‌ని నూనె ముట్టకుండా, యాసిడ్లతో మాత్రం కడిగి కొలిచాం. ఇంచుమించు అదే ఆయుష్షు. తేలిపోయింది.

ఇక సాక్ష్యం మిగిలింది. ఆ తర్వాతి శుక్రవారం మందిరం నిండిపోయింది. అత్తయ్య ఆడవాళ్ల వైపు మూడో వరసలో, కొంగు తలమీదకి లాక్కుని కూర్చుంది. నేను మైకు పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. నూనె సంగతి, యాసిడ్ సంగతి, నూనె లేని చిప్ సంగతి. చెప్తున్నకొద్దీ సభ చల్లబడింది. స్తోత్రం అనడానికి నోరు తెరిచినవాళ్లు సగంలో ఆగారు.

బోటు మావయ్య లేచాడు. "అమ్మాయ్, ఇంగ్లీషు వద్దుగానీ ఒక్క ముక్క చెప్పు. నూనె పని చేసిందా, లేదా?"

"నూనె వల్ల పాడైంది మావయ్యా. కడగడం వల్ల బాగైంది."

ఆయన కూర్చున్నాడు. అయ్యగారు పాట ఎత్తుకుందామా అన్నట్టు చూస్తున్నారు. అప్పుడు మూడో వరసలోంచి అత్తయ్య లేచింది. మైకు అడగలేదు. వార్డు చివరి మంచానికి వినపడేలా మాట్లాడ్డం ఆవిడకి అలవాటే.

"ఏమే, మీ సారుని కడగమని నువ్వెన్నిసార్లు అడిగావ్?"

"చాలాసార్లు అత్తయ్యా."

"కడిగాడా?"

"లేదు."

"నేను నూనె రాయకపోతే ఈసారైనా కడిగేవాడా?"

నేను ఆలోచించాను. మైకులో నా ఊపిరి అందరికీ వినపడుతోంది. "కడిగేవాడు కాదు," అన్నాను.

"మరి అది కూడా కలిపి చెప్పు సాక్ష్యం," అని కూర్చుంది.

ముందు బోటు మావయ్య నవ్వాడు. తర్వాత అందరూ. నవ్వుల మధ్యే స్తోత్రాలు మొదలయ్యాయి. నేనూ అన్నాను, మనస్ఫూర్తిగా. నాగాయలంకలో గంటసేపు చెప్పిన అంశాన్ని అత్తయ్య మూడు ప్రశ్నల్లో ముగించింది. అయ్యగారు మైకు తీసుకుని ఆశీర్వాదం ఇచ్చేముందు, "అలాగని వచ్చేవారం నించి బల్ల మీద ఎవరూ మూతలు తీయకండమ్మా," అన్నారు. ఆడవాళ్ల వైపే చూస్తూ అన్నారు.

ఇప్పుడు ప్రతి చిప్‌నీ కడిగే వాడుతున్నాం. ఆ సీసా మళ్లీ మందిరానికి వెళ్లింది, కొబ్బరినూనె కలిసే వెళ్లింది. మొన్న మళ్లీ కొత్త చిప్ నా చేతికొచ్చింది. ఈసారి వాన, మళ్లీ ల్యాబులో కరెంటు లేదు. ఇంటికి తెచ్చి సారుకి ఫోన్ చేశాను.

"ఎక్కడ పెట్టావు?"

"బీరువాలో సార్. తాళం వేశాను."

"తాళం చెవి?"

"అత్తయ్య దగ్గర సార్."

ఆయన గొంతు సవరించుకున్నాడు. అవతల వాన చప్పుడు వినపడుతోంది.

"ఉండనీ," అన్నాడు. "మూత తీయకుండా ఏం చేసుకున్నా పర్లేదని చెప్పు."